వచ్చే ఆదివారం

ట్రూప్ బజార్లో మెట్ల కింద
మునవ్వర్ సాబ్ దుకాణం.
మూరెడు బల్ల, మెడ వంచిన దీపం,
ఇక బతకవని తేలిన కెమెరాల లోపలి సామాను
మూడు బిస్కెట్ డబ్బాల్లో.

నా లెన్సును దీపానికెదురుగా పట్టి
"నమీ" అన్నాడు. ఒక్కటే మాట.
రెండు వానాకాలాలు బీరువాలో పడుకోబెట్టాను.
గాజు లోపల తెల్లటి బూజు
వేళ్లు చాచుకుని కూర్చుంది.

నేరం నాదే.
జేబులోది తేలిక.
మెహిదీపట్నంలో కదులుతున్న బస్సు దిగుతూ
ఒంటిచేత్తో తీయొచ్చు.
కిలోన్నర మెడకు తగిలించుకుని
పైన డాక్టరిచ్చిన పట్టీ కూడా ఎందుకని.

జేబులోదాని మీద నాకేం కోపం లేదు,
ఒక్క సంగతి తప్ప.
చీకటిని అది చీకటిగా ఉండనివ్వదు.
మొన్న లంగర్‌హౌజ్‌లో కరెంటు పోయిన రాత్రి
మా వీధిలో నా కళ్లకు కనబడింది
ఒక బీడీ నిప్పు. అంతే.
ఫోను మూడు క్షణాలు ఆలోచించి
గోడ రంగు, ఆరేసిన చీర, గట్టు మీది పిల్లి
అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది.
బీడీ మనిషి ముఖం కూడా.
అతను అక్కడ కూర్చున్నదే
ఎవరికీ కనబడకుండా ఉండటానికని
దానికెవరు చెప్పాలి?

మునవ్వర్ సాబ్ ఒక్కో పొర విప్పుతూ
పొరకొక ఫోటో తీసుకుంటున్నాడు
అద్దం పగిలిన తన ఫోనుతో.
"బిగించేటప్పుడు స్క్రూల వరుస మరిచిపోతున్నా.
పని కాగానే చెరిపేస్తా" అన్నాడు
తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అప్పుడు అండాలు గుర్తొచ్చింది.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్, తెల్లారి నాలుగు.
చేవెళ్ల బండి ఇంకా దించుతున్నారు.
నేను కెమెరా ఎత్తగానే
అండాలు తూకం ఆపింది.
తలకు చుట్టిన తువ్వాల తీసి పక్కన పెట్టింది.
కొంగు సర్దుకుంది. నవ్వలేదు.
ఫోటోకి నవ్వాలని ఆమెకెవరూ నేర్పలేదు.
నేను వెలుతురు చూసుకుంటున్నంతసేపూ
ఊపిరి బిగబట్టి నిలబడింది.
"ఎప్పుడిస్తవ్?"
"వచ్చే ఆదివారం."
మూడేళ్లయింది ఆ మాటకి.

తర్వాత ఫోనుతో చాలాసార్లు వెళ్లాను.
ఎవరూ తూకం ఆపలేదు.
వాలిన ఈగను చూసినట్టు చూసి
బేరంలోకి వెళ్లిపోయారు.
ఆ ఫోటోలు బాగుంటాయి.
అబద్ధమెందుకు, చాలా బాగుంటాయి.
మూటలు మోసే పిల్లాడొకడు "పంపన్నా" అన్నాడు,
పంపాను, అక్కడికి చెల్లు.

కెమెరాతో తీసినవే బాకీలు.
హార్డ్‌డిస్కులో పదకొండు వేల ముఖాలు
వచ్చే ఆదివారం కోసం కూర్చున్నాయి.

"దేఖో సాబ్."
బూజు పోయింది. అంచున ఆవగింజంత మచ్చ మిగిలింది.
"అక్కడ గాజునే తినేసింది. ఫోటోలో రాదులే.
నీకు తెలుస్తుంటది, అంతే."

కార్డు ఇంకా లోపలే ఉంది.
అరువు బ్యాటరీ వేసి వెనక తెర వెలిగిస్తే
అండాలు.
పసుపు కుప్పల ముందు ఊపిరి బిగబట్టి.

ఇంటికెళ్లి, కేబుల్ వెతికి, రంగులు దిద్ది,
ప్రింటు వేయించి...
నన్ను నేనెరుగుదును.
జేబులోది తీసి
ఆ తెరనే ఫోటో తీశాను.
మీద దీపం మెరుపు, నా బొటనవేలి ముద్ర,
అయినా అండాలే.
పూల దుకాణం సాంబయ్య నంబరుకి పంపాను,
ఆమెకి చూపించమని.

చాయ్ సగంలో ఉండగా గొంతు వచ్చింది,
వెనక తూకాల చప్పుడు:
"మంచిగొచ్చిన సారూ.
గని, నా తువ్వాల రాలేదా?
మా ఆయనది గది. పోయినెండకాలం
ఏడనో పారేసుకున్న.
నీ ఫోటోల ఉంటదేమో అనుకున్న."

పెద్దది చేసి చూశాను.
మూల మూలా చూశాను.
నా కోసమే కదా తీసేసింది.

మునవ్వర్ సాబ్ బల్ల తుడిచి
ఫోటోలు ఒక్కొక్కటే చెరిపేస్తున్నాడు.
"మొదటిది ఉంచండి" అన్నాను.
ఏమీ విప్పకముందు తీసింది,
దుమ్ముతో సహా.